గోల్డ్‌ఫిష్ వెల్లకిలా తేలుతా ఉంది, బతికించుకునే దారి ఉందా? (తిరుపతి)

బైరాగిపట్టెడ_అమ్మ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా ఇంట్లో రెండు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి, తెచ్చి ఎనిమిది నెలలు. ఒకటి పొడుగు తోకది. ఇంకోటి ఒరాండా, నెత్తిన బుడిపె ఉంటుందే, ఆ రకం. మావాడు కొండమీద గుండు కొట్టించుకుని దిగిన రోజే కొన్నాము కాబట్టి దానికి గుండు అనే పేరు పెట్టినాడు.

ఊర్లో జాతరకని నాలుగు రోజులు పోయి నిన్న సాయంత్రం వచ్చినాము. చూస్తే గుండు పొట్ట పైకి పెట్టుకుని తేలతా ఉంది. చచ్చిపోయిందనుకుని వల పెట్టేసరికి తోక ఆడించింది. పాపం కిందికి దిగాలని చూస్తుంది, నీళ్లలో ముంచి వదిలిన టెంకాయ మాదిరి మళ్లీ బుడుంగున పైకి వచ్చేస్తుంది.

తొట్టి రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఫిల్టర్ ఉంది. నీళ్లు తళతళ మెరుస్తా ఉన్నాయి, వాసన కూడా లేదు, కాబట్టి నీళ్ల సమస్య కాదు. ఏం మందు వేయాలో చెప్పండి. మావాడు అన్నం తినకుండా తొట్టి ముందరే కూర్చున్నాడు.

రేణిగుంట_రైలు | శనివారం, రాత్రి 9:52

అక్కా, ఏమీ అనుకోవద్దు. వెల్లకిలా పడిన చేప లేచేది నేను చూడలేదు. పొద్దున్నే అదే రంగుది ఇంకోటి తెచ్చి వేసేయండి, పిల్లోడికి తెలీదు.

బైరాగిపట్టెడ_అమ్మ | శనివారం, రాత్రి 9:55

తమ్ముడూ, దాని బుడిపె మీద ఎడమ పక్క ఆవగింజంత నల్ల మచ్చ ఉంది. ఆ మచ్చ చూపించింది వాడే నాకు.

కొర్లగుంట_కుర్రోడు | శనివారం, రాత్రి 10:03

అక్కా, మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ దొరుకుతుంది. ఒకటి విప్పి తొట్టిలో కలపండి, చిటికెడు పసుపు కూడా. నీళ్లన్నీ పారబోసి మినరల్ వాటర్ క్యాన్ రెండు పోయండి. నేను అట్లనే చేస్తా.

పాతతొట్టి (చిత్తూరు) | శనివారం, రాత్రి 10:11

కొర్లగుంట నాయనా, ఆ క్యాప్సూల్ కింద పెట్టు. అమ్మా, ఈ రాత్రికి ఏ మందూ వేయొద్దు. ముందు నేనడిగేదానికి జవాబు చెప్పండి.

పొలుసులు అనాసపండు మాదిరి నిక్కబొడుచుకుని ఉండాయా, ఒంటికి అతుక్కునే ఉండాయా? ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు ఉండాయా? మొప్పలు మెల్లగా ఆడతా ఉండాయా, గబగబానా? పోయే ముందర తొట్టి కడిగినారా? కడిగితే దేంతో? మీరు లేనప్పుడు మేత ఎవరు వేసినారు?

అన్నిటికంటే ముందు, రెండో చేప ఎట్లుందో చెప్పల్ల. దాని సంగతే ఎవరూ రాయరు. రెండూ తేడాగా ఉంటే నేను ముందు నీళ్లనే అనుమానిస్తా, అవి ఎంత తళతళలాడినా సరే.

బైరాగిపట్టెడ_అమ్మ | శనివారం, రాత్రి 10:24

పొలుసులు మామూలుగానే ఉన్నాయి. చుక్కలు లేవు. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. మీరు అడిగినాక రెండోదాన్ని చూసినా అన్నా. అది ఫిల్టర్ పక్కన పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగతా ఉంది. రెక్కలు ముడుచుకుని ఉంది. ఇంతసేపూ గుండునే చూస్తా దాని ఊసే పట్టించుకోలేదు.

మేత పక్కింటి పాప వేసింది, ఏడో తరగతి. చిటికెడు వేయమని డబ్బా చేతికిచ్చి పోయినా. డబ్బా ఇప్పుడు సగం ఖాళీ.

కడగడం అంటే... కడిగినా. పండగకు ఇల్లంతా కడుక్కున్నట్టు దాన్నీ కడిగినా. నీళ్లు మొత్తం తీసేసి, రాళ్లు తోమి, ఫిల్టర్‌లో స్పాంజిని కొళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండినా. సబ్బు మాత్రం వాడలేదు. అది తప్పా?

పాతతొట్టి | శనివారం, రాత్రి 10:41

తప్పు అంటే, మనమందరం మొదట్లో చేసిందే. నేను 1990ల్లో ఒకేసారి ఆరు చేపల్ని అట్లనే పంపించినా, స్పాంజిని బట్టలసోడాతో ఉతికి మరీ.

చేప మొప్పల నుంచి పగలూ రాత్రీ అమ్మోనియా వదుల్తానే ఉంటుంది. పెంట కుళ్లినా, మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దానికి రంగు ఉండదు. చేపను చంపేంత ఉన్నా మన ముక్కుకు వాసన రాదు. ఆ అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారానికోసారి నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా కాపురం ఉండేది మీరు పిండేసిన గోధుమరంగు జిగటలోనే. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది మన కడుపు కోసం వేసేది, ఈ జీవుల్ని చంపేస్తుంది. ఎనిమిది నెలల తొట్టి ఒక్క గంటలో కొత్త తొట్టి అయిపోయింది. దాని మీద సగం డబ్బా మేత.

ఇప్పుడు చేయల్సింది. మేత పూర్తిగా బంద్. సగం నీళ్లు తీసేసి, అడుగున నానిన మేతంతా పైపుతో లాగేయండి. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ వేసినాకనే పోయండి. వేడి ఎంతుందో చెయ్యి పెట్టి చూడండి, పాత నీళ్లకూ కొత్త నీళ్లకూ తేడా తెలీకూడదు. ఎయిర్ పంపు ఉంటే బుడగలు వదిలే రాయి తగిలించి రాత్రంతా వదలండి. స్పాంజిని ఇంక ముట్టుకోవద్దు.

యాంటీ క్లోరిన్ ఇంట్లో ఉందా?

బైరాగిపట్టెడ_అమ్మ | శనివారం, రాత్రి 10:46

ఉప్పు రాళ్ల మాదిరి ఉంటాయి కదా, చిన్న ప్యాకెట్? ఉంది. ఎయిర్ పంపు కూడా ఉంది, చప్పుడు చేస్తుందని మా ఆయన తీసి అటక మీద పెట్టినాడు. దింపిస్తా.

పశువైద్య_విద్యార్థిని (తిరుపతి) | శనివారం, రాత్రి 11:15

పాతతొట్టి గారు చెప్పినట్టే చేయండి. నేను చదివేది ఎక్కువగా ఆవులు, కోళ్ల గురించే గానీ, హాస్టల్ గదిలో నాకూ ఒక తొట్టి ఉంది. రెండు మాటలు కలుపుతా.

టెట్రాసైక్లిన్ ఎందుకు వద్దంటే, మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఆ మందు వాటికి అతుక్కుని పని చేయకుండా పోతుంది. పైగా మిగిలిన కాస్త మంచి బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది. ఇంతకీ ఇక్కడ సూక్ష్మజీవుల జబ్బు ఉన్నట్టు ఒక్క గుర్తు కూడా లేదు.

క్యాన్ నీళ్లు ఆర్‌ఓ నీళ్లు. లవణాలన్నీ తీసేసినవి. అందులో పీహెచ్, అంటే నీళ్ల పులుపు, క్షారం కొలత, నిలవదు. గోల్డ్‌ఫిష్‌కు గట్టి నీళ్లే మంచివి, పీహెచ్ 7 నుంచి 8 దాటినా ఇబ్బంది పడదు. ఒక్కటే చిక్కు, పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషం అవుతుంది. పీహెచ్ 7 ఉన్నప్పుడు కంటే 8 ఉన్నప్పుడు విషం భాగం దాదాపు పది రెట్లు. మన ఊర్లో మే నెల కాబట్టి చెప్తున్నా.

కొర్లగుంట_కుర్రోడు | శనివారం, రాత్రి 11:20

మరి నా చేపలకు క్యాప్సూల్ వేస్తే బాగయినాయే?

పశువైద్య_విద్యార్థిని | శనివారం, రాత్రి 11:23

అదే రోజు నీళ్లు కూడా మార్చింటారు.

కొర్లగుంట_కుర్రోడు | శనివారం, రాత్రి 11:31

మార్చినా. 😐

బైరాగిపట్టెడ_అమ్మ | ఆదివారం, ఉదయం 11:05

రాత్రి ఒంటిగంటకు పని అయింది. పొడుగు తోకది పొద్దున్నే కిందికి దిగి తిరగతా ఉంది! గుండు మాత్రం అట్లనే. పొట్టలో కొంత భాగం నీళ్ల పైకి వచ్చి ఆరిపోయినట్టు ఉంది, అక్కడ పావలా అంత ఎర్రగా కమిలింది.

చేపల అంగడికి నీళ్లు సీసాలో తీసుకుపోయినా. చుక్కల మందు వేసి చూపించినాడు. పసుపుగా ఉండాల్సింది ఆకుపచ్చగా మారింది. సగం నీళ్లు మార్చినాక కూడా అమ్మోనియా 1 ఉంది. నైట్రైట్ సున్నా. పీహెచ్ 8. తళతళ అన్నానే, సిగ్గేసింది. టెస్ట్ కిట్ కొనుక్కునే వచ్చినా.

పాతతొట్టి | ఆదివారం, ఉదయం 11:30

సిగ్గు దేనికిమా. అమ్మోనియా సున్నా వచ్చేదాకా రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి.

గుండును వేరే ప్లాస్టిక్ టబ్బులోకి మార్చండి. నీళ్లు జానెడు లోతు చాలు. లోతు ఎక్కువైతే దిగాలని కొట్టుకుని కొట్టుకుని సొమ్మసిల్లుతుంది. ఎయిర్ రాయి మెల్లగా పెట్టండి. మీద గుడ్డ కప్పండి, వెలుతురు తగ్గితే కుదురుగా ఉంటుంది. టబ్బులో ఫిల్టర్ ఉండదు కాబట్టి అక్కడ రోజూ సగం నీళ్లు. పొట్ట బయటికి రాకుండా చూడండి, ఆరిన చోటే పుండు పడుతుంది.

కల్లుప్పు లీటరుకు ఒక గ్రాము లెక్కన కరిగించి పోయండి. ఒక్కసారిగా కాదు, మూడు విడతలుగా. ఉప్పు గడ్డలు నేరుగా చేప మీద వేయొద్దు.

చెన్నై_తిరుపతోడు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఉప్పు విషయంలో నేను ఒప్పుకోను అన్నా. ఇక్కడ చెన్నై కొళత్తూరులో చేపలు పెంచేవాళ్ల దగ్గర నాలుగేళ్లుగా కొంటున్నా, వాళ్లు అయినదానికీ కానిదానికీ ఉప్పు వేయరు. చేప తేలిపోతా ఉంటే ఉప్పు దేనికి? పొట్ట ఉబ్బరానికి కావాల్సింది ఎప్సమ్ సాల్ట్. రెండూ ఒకటి కాదు.

పాతతొట్టి | ఆదివారం, మధ్యాహ్నం 1:40

ఒకటని నేను ఎప్పుడు చెప్పినా? కల్లుప్పు ఈ కమిలిన చోటుకు, ఇంకా రాబోయే నైట్రైట్‌కు. ఉప్పులో క్లోరైడ్ ఉంటే నైట్రైట్ మొప్పల గుండా ఒంట్లోకి దూరదు. ఎప్సమ్ సంగతి నువ్వు చెప్పింది నిజమే, దానికి వస్తా ఉండా. నీకు కొళత్తూరు ఉంటే నాకు ట్యాంకరు నీళ్లతో ముప్పై ఏండ్ల చిత్తూరు ఉంది.

మామిడితోట (చిత్తూరు) | ఆదివారం, మధ్యాహ్నం 2:05

మధ్యలో వస్తున్నా. ఎప్సమ్ అంటే మెగ్నీషియం సల్ఫేట్ కదా? మా షెడ్డులో చెట్లకు వేసే మూట ఉంది. అక్కకు కావాలంటే ఒక కవరు పంపిస్తా.

పశువైద్య_విద్యార్థిని | ఆదివారం, మధ్యాహ్నం 2:20

పదార్థం అదే అన్నా, కానీ ఎరువుగా అమ్మేది అంత శుద్ధి చేసి ఉండదు. మెడికల్ షాపుది చిన్న ప్యాకెట్ చాలు.

అక్కా, తేలడం ఎందుకో చెప్తా. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం లేదు. బొచ్చె, రాగండి కుటుంబమే ఇదీ, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. పొట్టలో రెండు గదుల గాలితిత్తి ఉంటుంది, దాంతోనే నీళ్లలో పైకీ కిందికీ ఉండగలుగుతుంది. ఆ తిత్తి నుంచి గొంతు దాకా సన్న గొట్టం. అసలు జాతి చేప సన్నగా పొడుగ్గా ఉంటుంది. మనిషి అందం కోసం పొట్టిగా, గుండ్రంగా పెంచిన రకాలు ఒరాండా లాంటివి. పేగు, తిత్తి, అన్నీ ఆ కాస్త చోట్లోనే ఇరుక్కుని ఉంటాయి. పేగు మేతతో బిగుసుకుపోతే తిత్తిని నొక్కేస్తుంది. పొడుగు తోకది అంతే మేత తిన్నా లేచి తిరగడం, గుండు పడిపోవడం అందుకే.

ఎప్సమ్‌తో స్నానం ఇట్లా: 4 లీటర్ల నీళ్లలో ఒక టేబుల్ స్పూను కరిగించి, 10 నిమిషాలు, మహా అయితే 15. పక్కనే కూర్చోండి, ఫోను చూడొద్దు. బాగా కొట్టుకున్నా, ఒరిగిపోయినా వెంటనే తీసేయండి. రోజుకు ఒకసారే.

బైరాగిపట్టెడ_అమ్మ | ఆదివారం, రాత్రి 8:50

స్నానం అయింది. మావాడు గడియారం పట్టుకుని నిమిషాలు చదివినాడు. పన్నెండో నిమిషంలో తీసేసినాము. చేత్తో పట్టుకోకుండా చిన్న గిన్నెతో నీళ్లతో సహా ఎత్తినా. మేత ఎన్నిరోజులు ఆపాలి? "ఆకలితో చచ్చిపోతుందిమా" అని వీడు ఏడుస్తా ఉన్నాడు.

పాతతొట్టి | ఆదివారం, రాత్రి 9:05

మూడు రోజులు. పెద్ద గోల్డ్‌ఫిష్ వారం రోజులు తినకపోయినా ఏమీ కాదని బాబుకు చెప్పండి. నాలుగో రోజు పచ్చి బఠాణీ ఒక్కటి ఉడికించి, పైతొక్క తీసి, వేలితో నలిపి, ఆవగింజలంత తునకలుగా వేయండి. ఉప్పు, నూనె, తాలింపు ఏవీ ఉండకూడదు. నవ్వొద్దు, కూరలోది తీసి వేసినవాళ్లు ఉండారు.

కొర్లగుంట_కుర్రోడు | ఆదివారం, రాత్రి 9:30

అక్కా, నా తొట్టి రెండేళ్లుగా నడుస్తా ఉంది, చేపలన్నీ బాగున్నాయి. ఫిల్టర్‌లో రెండు స్పాంజిలు ఉన్నాయి. ఒకటి మీ ఫిల్టర్‌లో పెడితే బ్యాక్టీరియా బిన్నా పుడతాయి కదా? పాతతొట్టి అన్నా, ఇదైనా సరైందేనా, ఇది కూడా కింద పెట్టల్లా?

పాతతొట్టి | ఆదివారం, రాత్రి 9:34

నాయనా, ఇది బంగారం లాంటి మాట. నీ తొట్టి నీళ్లలోనే ముంచి, తడి ఆరకుండా కవర్లో తీసుకుపో. ఎండలో బండి మీద పెట్టుకుని టీ తాగే పని పెట్టుకోవద్దు. అర్ధగంటలో పెట్టేయల్ల.

బైరాగిపట్టెడ_అమ్మ | సోమవారం, ఉదయం 8:15

తమ్ముడు ఏడుగంటలకే వచ్చి పెట్టి పోయినాడు. కాఫీ తాగమంటే "అన్న తిడతాడు" అని ఆగలేదు. స్పాంజి చూస్తే మట్టి పిడక మాదిరి ఉంది. వారం కిందట అయితే కొళాయి కింద పెట్టేదాన్ని.

బైరాగిపట్టెడ_అమ్మ | బుధవారం, సాయంత్రం 6:20

ఈ సంగతి ఇట్లా పదిమందిలో రాస్తానని అనుకోలేదు గానీ, గుండు దొడ్డికి పోయింది! నిన్న రాత్రి తెల్లగా, గాలి బుడగలతో ఒక దారం. ఈరోజు పొద్దున బఠాణీ తునకలు నాలుగు తినింది. మొదట ఉమ్మేసింది, మళ్లీ పట్టుకుంది. మధ్యాహ్నానికి పచ్చగా పొడుగ్గా వచ్చింది, తోక వెనకాల వేలాడేసుకుని టబ్బంతా తిరిగింది. మావాడు వీధిలో పిల్లలందరినీ పిలుచుకొచ్చి చూపించినాడు.

ఇప్పుడు వెల్లకిలా లేదు. పక్కకు ఒరిగి ఈదతా ఉంది. నిలబడి నిలబడి మళ్లీ ఒరుగుతుంది.

రేణిగుంట_రైలు | బుధవారం, సాయంత్రం 6:41

నా మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా.

బైరాగిపట్టెడ_అమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 3:30

రెండు కష్టాలు ఒకేసారి. తొట్టిలో అమ్మోనియా పావు కంటే తక్కువకు వచ్చింది గానీ, ఆకాశం రంగు ఉండాల్సిన నైట్రైట్ చుక్కలు వంగపండు రంగు వచ్చినాయి. ఇంకోటి, పొద్దున పది నుంచి కరెంటు లేదు. బయట 42 డిగ్రీలు. నీళ్లు చేతికి వెచ్చగా తగలతా ఉన్నాయి.

పాతతొట్టి | ఆదివారం, మధ్యాహ్నం 3:38

నైట్రైట్ రావడం అంటే మొదటి రకం బ్యాక్టీరియా పని మొదలుపెట్టిందని అర్థం, రెండోది ఇంకా ఎదగల్ల. భయపడొద్దు. ఇప్పుడే మూడో వంతు నీళ్లు మార్చి, తొట్టిలో కూడా లీటరుకు గ్రాము ఉప్పు. మీ తొట్టిలో నిజంగా నీళ్లు 45 లీటర్లకు మించి ఉండవు, కాబట్టి 45 గ్రాములు. ఆ తర్వాత నీళ్లు మార్చినప్పుడు కొత్తగా పోసే నీళ్లకు మాత్రమే ఉప్పు లెక్క, మొత్తానికి కాదు.

కరెంటు లేనప్పుడు చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి పోస్తా ఉండండి, ఐదు నిమిషాలకోసారి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా ఉంటే మూత బిగించి తేలనివ్వండి. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు. ఒక్కసారి ఐదారు డిగ్రీలు దించితే దెబ్బ తింటుంది, గంటకు ఒకటి రెండు చాలు.

పశువైద్య_విద్యార్థిని | ఆదివారం, సాయంత్రం 4:00

లీటరు నీళ్లు 20 డిగ్రీల దగ్గర దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టుకుంటాయి. 30 దగ్గర ఏడున్నరే. అదే వేడికి చేపకు కావాల్సింది మాత్రం పెరుగుతుంది. కరెంటు వచ్చినాక మూత తీసి టేబుల్ ఫ్యాను నీళ్ల మీదికి తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్లు ఆవిరవుతాయి, పోస్తా ఉండాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకోండి.

మామిడితోట | ఆదివారం, సాయంత్రం 4:20

మా ఇంట్లో మనుషులకే ఫ్యాను లేదు ఇప్పుడు 😀

బైరాగిపట్టెడ_అమ్మ | ఆదివారం, రాత్రి 9:15

మూడున్నర నుంచి ఆరుముక్కాలు దాకా వంతులేసుకుని చెంబుతో పోసినాము. నేను, మా ఆయన, మావాడు, ఆ పక్కింటి పాప. తన వల్లే జబ్బు చేసిందని పాప వారంగా మా ఇంటికి రాలేదంట, ఈరోజు వాళ్లమ్మ చెప్పింది. చిటికెడు అని చెప్పి డబ్బా ఇచ్చింది నేను. వాళ్ల చిటికెడు ఎంతో నాకేం తెలుసు.

బైరాగిపట్టెడ_అమ్మ | రెండు వారాలు దాటినాక, శుక్రవారం, సాయంత్రం 5:10

అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, వరుసగా ఐదు రోజులు. గుండును తొట్టిలోకి మార్చి వారమైంది. తిన్నాక ఒక అర్ధగంట తల కిందికి, తోక పైకి పెడుతుంది, తర్వాత సర్దుకుంటుంది. కమిలిన చోట కొత్త పొలుసు వస్తా ఉంది.

కానీ రెండింటికీ రెక్కల అంచుల్లో కాటుక పెట్టినట్టు నల్లగా వచ్చింది. ఇది కొత్త జబ్బా?

పాతతొట్టి | శుక్రవారం, సాయంత్రం 5:45

కాదుమా. అమ్మోనియాతో కాలిన చోటు మానేటప్పుడు అట్ల నలుపు వస్తుంది. దానంతటదే పోతుంది. మందు మాట ఎత్తొద్దు.

తిన్నాక తల దిగడం దానికి అలవాటుగా మిగిలిపోవచ్చు. తేలే మేత మానేయండి, పైకొచ్చి గాలి కూడా మింగుతుంది. మునిగే గింజలు తెచ్చి, చిన్న గిన్నెలో నాననిచ్చి వేయండి. వారానికి ఒకరోజు ఉపవాసం. స్పాంజి ఎప్పుడైనా కడగాల్సి వస్తే తొట్టిలోంచి తీసిన బకెట్ నీళ్లలోనే రెండు సార్లు పిండి పెట్టేయండి. తెల్లగా కావల్సిన పని లేదు. ఆ తొట్టి కూడా రెండింటికి చిన్నదే, చేతిలో డబ్బులు ఆడినప్పుడు మూడడుగులది చూడండి.

చెన్నై_తిరుపతోడు | శుక్రవారం, సాయంత్రం 6:02

నలుపు సంగతి నిజం. ఉప్పు మాత్రం ఇంక ఆపేయండి అక్కా, నైట్రైట్ సున్నా అయింది కదా. నీళ్లు మారుస్తా పోతే అదే పల్చబడుతుంది.

పాతతొట్టి | శుక్రవారం, సాయంత్రం 6:05

ఇందులో మాత్రం నీతో తగాదా లేదు.

బైరాగిపట్టెడ_అమ్మ | మరో తొమ్మిది రోజులకు, ఆదివారం, రాత్రి 9:00

వచ్చే బుధవారం మా చెల్లెలి ఇంటికి మదనపల్లె పోవాలి, వారం రోజులు. మా అత్తకు బీపీ మాత్రలు వేసే ప్లాస్టిక్ పెట్టె ఉంది, వారానికి ఏడు గడులు. కొత్తది ఒకటి తెచ్చి, గడికి ఎనిమిది గింజల లెక్కన నింపి, అసలు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసినా. పెట్టె పక్కింటి పాప చేతికి ఇచ్చినా. మొదట వద్దంది, తర్వాత తీసుకుంది. పోయినట్టే పోయి ఐదు నిమిషాల్లో మళ్లీ తలుపు కొట్టింది. "ఆంటీ, ఆదివారం గడిలో ఏమీ లేదు, మరిచిపోయినారు" అని.